స్టైల్ మార్చినా అక్షరాలు మారట్లేదా? వర్డ్‌లో పేరాగ్రాఫ్ స్టైల్‌కీ చేతి ఫార్మాటింగ్‌కీ పొత్తు కుదిర్చే పద్ధతి

హెడింగ్ స్టైల్ రంగు మారిస్తే నాలుగు హెడింగులు మారాయి, అయిదోది మాత్రం పాత రంగులోనే ఉండిపోయింది. మొత్తం 12 సైజు పెట్టమంటే సగం పేజీలు 14 లోనే ఉన్నాయి. విషయసూచికలో ఒక అధ్యాయం పేరు మాత్రం వాలు అక్షరాల్లో వస్తోంది. ఇలాంటివి అడిగేవాళ్లు ఎక్కువగా థీసిస్ టైపు చేసుకునేవాళ్లు, పదిమంది పంపిన వ్యాసాల్ని ఒక సంచికగా కూర్చేవాళ్లు. అడిగే తీరు వేరైనా అందరి ఫైల్లోనూ జరిగింది ఒకటే: స్టైల్ (అంటే ఫాంట్, సైజు, రంగు లాంటివన్నీ కలిపి ఒక పేరుతో పెట్టుకున్న సెట్టింగు) ఒకటి చెప్తోంది, దాని మీద ఎవరో చేత్తో పెట్టిన సైజు, బోల్డ్, ఫాంట్ ఇంకొకటి చెప్తోంది.

ఇది సరిచేయడం కష్టం కాదు, కానీ వరస తప్పితే ఉన్నది కూడా పాడవుతుంది. ముఖ్యంగా "అంతా సెలెక్ట్ చేసి ఫార్మాటింగ్ తీసేయ్" అనే సలహా పాటించి ఫుట్‌నోట్ నంబర్లు, పుస్తకాల పేర్ల వాలు అక్షరాలు అన్నీ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే కింద చెప్పిన క్రమం మార్చకండి. దశలన్నీ మైక్రోసాఫ్ట్ వర్డ్‌కి రాశాను, లిబ్రె ఆఫీస్, గూగుల్ డాక్స్ తేడాలు 10వ భాగంలో ఉన్నాయి.

1. ఎవరి మాట చెల్లుతుంది?

వర్డ్ ఒక అక్షరాన్ని తెర మీద చూపించేముందు కొన్ని పొరలు వరసగా చూస్తుంది. అడుగున డాక్యుమెంట్ డిఫాల్ట్స్ (ఫైలు మొత్తానికి మొదటి నుంచీ ఉండే సెట్టింగులు), దాని మీద పేరాగ్రాఫ్ స్టైల్, దాని మీద క్యారెక్టర్ స్టైల్ (పేరాలో కొన్ని అక్షరాలకు మాత్రమే ఇచ్చేది), అన్నిటికన్నా పైన మీరు సెలెక్ట్ చేసి చేత్తో పెట్టిన ఫార్మాటింగ్. పై పొర ఏం చెప్తే అదే చెల్లుతుంది.

గోడకు ఎన్నిసార్లు కొత్త రంగు వేసినా దాని మీద అంటించిన పోస్టర్ మారదు కదా, ఇక్కడ పోస్టర్ చేతి ఫార్మాటింగ్. స్టైల్‌లో సైజు మార్చినప్పుడు మారని ప్రతి పేరాలోనూ సైజు చేత్తో పెట్టి ఉందని అర్థం.

ఒక్క మెలిక ఉంది. బోల్డ్, ఇటాలిక్ లాంటివి పేరాగ్రాఫ్ స్టైల్‌లోనూ క్యారెక్టర్ స్టైల్‌లోనూ రెండుచోట్లా ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బోల్డ్‌గా ఉన్న హెడింగులో ఒక మాటకు స్ట్రాంగ్ (బోల్డ్ చేసే క్యారెక్టర్ స్టైల్) ఇస్తే ఆ మాట మామూలుగా కనిపించేది ఇందుకే. అది పాడైపోవడం కాదు, నొక్కిచెప్పిన మాట చుట్టూ ఉన్నవాటికన్నా వేరుగా కనపడాలని అలా పెట్టారు.

ఇంకొకటి: పేరా ఫార్మాటింగ్ అంతా ఆ పేరా చివర ఉండే ¶ గుర్తులో ఉంటుంది. ఆ గుర్తును డిలీట్ చేస్తే రెండు పేరాలు కలిసిపోవడమే కాదు, ఒకదాని స్టైల్ కూడా పోతుంది.

2. మొదలుపెట్టే ముందు

☐ ఫైలుకు వేరే పేరుతో కాపీ తీసుకోండి, పని అంతా కాపీలోనే చేయండి.
☐ ట్రాక్ చేంజెస్ ఆపేయండి. లేకపోతే ప్రతి ఫార్మాటింగ్ మార్పూ పక్కన నమోదై ఫైలు చదవలేనట్టు తయారవుతుంది.
☐ కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కి ¶ గుర్తులు కనపడేలా పెట్టుకోండి.
☐ కంట్రోల్ + ఆల్ట్ + షిఫ్ట్ + ఎస్ నొక్కి స్టైల్స్ పేన్ పక్కన తెరిచి ఉంచండి.
☐ ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "కీప్ ట్రాక్ ఆఫ్ ఫార్మాటింగ్" టిక్ చేయండి.
☐ అను ఫాంట్లలో టైపు చేసిన మేటర్ ఎక్కడైనా ఉందేమో చూడండి.

ఆఖరిది తెలుగు ఫైళ్లలో తరచూ వచ్చే చిక్కు, దాన్ని విడిగా చెప్పాలి.

3. అను మేటర్ ఉంటే ఇక్కడే ఆగండి

అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత కోడ్ లేదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే, ఫాంట్ వాటిని తెలుగు ఆకారాల్లో చూపిస్తుంది, అంతే. అంటే అక్కడ ఫాంట్ అనేది అలంకారం కాదు, తెలుగు కనిపించడానికి ఉన్న ఏకైక ఆధారం. ఆ పేరా మీద మీరు చేతి ఫార్మాటింగ్ తీసేస్తే ఫాంట్ కూడా పోయి పేరా మొత్తం అర్థంకాని గుర్తుల వరస అయిపోతుంది. స్టైల్ మార్చినా కొన్నిసార్లు ఇదే జరుగుతుంది, ఎందుకో 6వ భాగంలో ఉంది.

కాబట్టి అలాంటి భాగాల్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉన్న పద్ధతిలోకి) మార్చి, ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఒకసారి చదివి సరిచూసుకుని, ఆ తర్వాతే మిగతా పనికి రండి. ఏ పేరా యూనికోడో తెలియకపోతే అందులో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు కనిపిస్తే యూనికోడ్, పిచ్చి గుర్తులు కనిపిస్తే పాత ఫాంట్.

4. ఏది స్టైల్‌ది, ఏది చేతిది?

కంటితో చూసి చెప్పలేం. కర్సర్‌ను అనుమానం ఉన్న పేరాలో పెట్టి షిఫ్ట్ + ఎఫ్1 నొక్కండి, రివీల్ ఫార్మాటింగ్ అనే పేన్ వస్తుంది. దాని అడుగున "డిస్టింగ్విష్ స్టైల్ సోర్స్" టిక్ చేస్తే ఏ లక్షణం స్టైల్ నుంచి వచ్చిందో, ఏది చేత్తో పెట్టిందో విడగొట్టి చూపిస్తుంది.

దానికన్నా నాకు ఎక్కువ నచ్చేది స్టైల్ ఇన్‌స్పెక్టర్. స్టైల్స్ పేన్ అడుగున ఉన్న బటన్లలో ఒకటి అది. అందులో పేరాకు ఒకటి, అక్షరాలకు ఒకటి చొప్పున రెండు భాగాలుంటాయి, ప్రతిదాంట్లో స్టైల్ పేరు, దాని కింద "ప్లస్" అని చేతి ఫార్మాటింగ్ జాబితా. ప్లస్ పక్కన ఏమీ లేకపోతే ఆ చోటు శుభ్రంగా ఉన్నట్టు. ప్రతి వరసకూ విడిగా తుడిచే బటన్ ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఉంచి ఇంకొకదాన్ని మాత్రమే తీసేయొచ్చు.

అయిదారు చోట్ల ఇలా చూస్తే మీ ఫైలు జబ్బు ఏ రకమో తెలిసిపోతుంది: పేస్ట్ చేసిన ఫాంట్లా, చేత్తో పెట్టిన సైజులా, లైన్ స్పేసింగా.

5. ముందు స్టైల్స్ తయారుచేసుకోండి

తుడవడానికి తొందరపడకండి. తుడిచాక పేరా దేని మీదకు వచ్చి వాలాలో అది ముందు సిద్ధంగా ఉండాలి.

మామూలు పేరాలకు నార్మల్ బదులు బాడీ టెక్స్ట్ వాడండి. దాదాపు అన్ని స్టైల్సూ నార్మల్ మీద ఆధారపడి ఉంటాయి, నార్మల్‌లో పేరా మొదట అరంగుళం జరిపితే ఆ జరుపుడు మీరు ఊహించని చోట్లకు, అంటే టేబుల్ గడుల్లోకీ హెడర్‌లోకీ కూడా పాకుతుంది. నార్మల్‌లో ఫాంట్, సైజు మాత్రం పెట్టి మిగతావి బాడీ టెక్స్ట్‌లో పెట్టుకోండి.

తెలుగుకు ఇక్కడ అతి ముఖ్యమైన విషయం ఉంది. స్టైల్ మీద రైట్ క్లిక్, మోడిఫై, ఫార్మాట్, ఫాంట్ తెరిస్తే లాటిన్ అక్షరాలకు ఒక భాగం, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు ఇంకో భాగం ఉంటాయి. వర్డ్ దృష్టిలో తెలుగు రెండోదాంట్లోకి వస్తుంది. పై భాగంలో 12 పెట్టి కింది భాగం వదిలేస్తే ఇంగ్లిష్ మాటలు మారి తెలుగు మారదు, అప్పుడు "స్టైల్ పని చేయట్లేదు" అని టెన్షన్ పడి చేత్తో సైజు పెట్టేస్తారు. చేతి ఫార్మాటింగ్ రోగం చాలా తెలుగు ఫైళ్లలో మొదలయ్యేది ఇక్కడే. రెండు భాగాల్లోనూ ఫాంట్, సైజు, బోల్డ్ పెట్టండి. కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ భాగమే కనపడకపోతే ఆప్షన్స్‌లో భాషల దగ్గర తెలుగును చేర్చి వర్డ్‌ను మూసి తెరవండి.

లైన్ స్పేసింగ్ దగ్గర "ఎగ్జాక్ట్‌లీ" పెట్టకండి. తక్కువ అంకె పడితే కింది ఒత్తులు, పై గుడులు కోసుకుపోతాయి. మల్టిపుల్ 1.15 లాంటిది మంచిది.

మీ ఫైల్లో ఉన్న ప్రతి రకం పేరాకీ ఒక స్టైల్ ఉండాలి:

☐ బాడీ టెక్స్ట్
☐ హెడింగ్ 1, 2, 3
☐ లిస్ట్ బులెట్, లిస్ట్ నంబర్
☐ ఉటంకింపుకు కోట్
☐ పద్యాలు, కవితలు ఉంటే "పద్యం" అని మీ సొంత స్టైల్, ఎడమ అలైన్‌మెంట్‌తో. రెండువైపులా సమంగా సర్దే జస్టిఫై పెడితే షిఫ్ట్ + ఎంటర్‌తో విరిచిన పాదాలు సాగిపోయి వికారంగా తయారవుతాయి.
☐ బొమ్మల కింద రాతకు క్యాప్షన్

6. పేరాలకు స్టైల్ ఇవ్వండి

ఇప్పుడు మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్కొక్క పేరాకూ తగిన స్టైల్ ఇస్తూ వెళ్లండి. విసుగు పనే, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు. నకిలీ హెడింగులు, అంటే నార్మల్‌లోనే ఉండి బోల్డ్, 16 సైజు పెట్టినవి, ఒకేసారి పట్టుకోవాలంటే ఒకదానిలో కర్సర్ పెట్టి హోమ్ ట్యాబ్‌లో సెలెక్ట్, "సెలెక్ట్ టెక్స్ట్ విత్ సిమిలర్ ఫార్మాటింగ్" నొక్కండి. అన్నీ ఎంపికయ్యాక హెడింగ్ స్టైల్ ఒక్క దెబ్బతో ఇవ్వొచ్చు.

ఇక్కడ వర్డ్ చేసే ఒక పని తెలియక చాలామంది తికమకపడతారు. పేరాగ్రాఫ్ స్టైల్ ఇచ్చినప్పుడు ఆ పేరాలో సగానికన్నా ఎక్కువ అక్షరాలకు చేతి ఫార్మాటింగ్ ఉంటే వర్డ్ దాన్ని తీసేస్తుంది. సగానికన్నా తక్కువ ఉంటే అది కావాలని చేసిన మార్పు అనుకుని ఉంచేస్తుంది. "రెండో అధ్యాయం: పరిశోధన పద్ధతులు" అనే హెడింగ్ మొత్తం చేత్తో ఎర్రగా చేసి ఉంటే స్టైల్ ఇవ్వగానే ఎరుపు పోతుంది. "రెండో అధ్యాయం" వరకే ఎర్రగా ఉంటే అది అలాగే మిగులుతుంది. ఒకే స్టైల్ ఇచ్చిన రెండు హెడింగులు వేరువేరుగా కనిపించడానికి ఇదే కారణం, మీ వర్డ్ ఏమీ పాడవలేదు. అను పేరాలు స్టైల్ మార్చగానే గుర్తులుగా మారిపోవడం కూడా ఈ నియమం వల్లే, ఎందుకంటే అక్కడ ఫాంట్ పేరా మొత్తానికి చేత్తో పెట్టి ఉంటుంది.

7. అర్థమున్న బోల్డ్‌ను కాపాడండి

అందరూ వదిలేసేది ఈ దశే. ఫైల్లో ఉన్న చేతి ఫార్మాటింగ్ అంతా చెత్త కాదు. రచయిత నొక్కిచెప్పిన మాట, పుస్తకం పేరు, చదరపు మీటర్ల పైన ఉండే చిన్న 2, ఇవి అర్థం ఉన్నవి. తుడిచే ముందు వీటికి గుర్తులు తొడగాలి.

1) కంట్రోల్ + హెచ్ నొక్కి, మోర్ తెరవండి.
2) ఫైండ్ గడిలో ఏమీ రాయకుండా ఫార్మాట్, స్టైల్‌లో బాడీ టెక్స్ట్ ఎంచుకోండి. తర్వాత ఫార్మాట్, ఫాంట్‌లో బోల్డ్ ఎంచుకోండి. స్టైల్ కూడా చెప్పాలి, ఎందుకంటే వర్డ్ వెతికేటప్పుడు స్టైల్ నుంచి వచ్చిన బోల్డ్‌ను కూడా పట్టుకుంటుంది, హెడింగులకు కూడా గుర్తులు పడిపోతాయి.
3) రీప్లేస్ గడిలో $$^&$$ అని రాయండి. ^& అంటే దొరికిన మాట ఉన్నదున్నట్టు అని.
4) ముందు ఫైండ్ నెక్స్ట్ ఒకటి రెండుసార్లు నొక్కి చూడండి. తెలుగు బోల్డ్ మాటల్ని దాటేస్తుంటే ఫాంట్ డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ భాగంలో కూడా బోల్డ్ పెట్టండి. సరిగ్గా దొరుకుతుంటే రీప్లేస్ ఆల్.
5) ఇటాలిక్ మాటలకు %%^&%%, పైకెత్తిన అంకెలకు (సూపర్‌స్క్రిప్ట్) ~~^&~~ పెట్టి ఇలాగే చేయండి. ప్రతిసారీ ముందు "నో ఫార్మాటింగ్" బటన్ నొక్కి పాత షరతులు తీసేయండి, లేకపోతే బోల్డూ ఇటాలిక్కూ రెండూ ఉన్న మాటల్నే వెతుకుతూ ఏమీ దొరకలేదంటుంది.

మీ వ్యాసంలో $ గుర్తు నిజంగానే వాడి ఉంటే వేరే గుర్తు ఎంచుకోండి.

8. ఇప్పుడు తుడవండి

స్టైల్స్ పేన్‌లో బాడీ టెక్స్ట్ మీద రైట్ క్లిక్ చేసి "సెలెక్ట్ ఆల్" నొక్కండి, ఆ స్టైల్ ఉన్న పేరాలన్నీ ఎంపికవుతాయి. కంట్రోల్ + ఏ వద్దు, ఒక్కో స్టైల్‌కూ విడిగా చేస్తే తేడా వచ్చినప్పుడు ఎక్కడో తెలుస్తుంది.

తర్వాత రెండు షార్ట్‌కట్లు:

• కంట్రోల్ + క్యూ: పేరా మీద చేత్తో పెట్టిన అలైన్‌మెంట్, ఇండెంట్, స్పేసింగ్ తీసేస్తుంది.
• కంట్రోల్ + స్పేస్: అక్షరాల మీద చేత్తో పెట్టిన ఫాంట్, సైజు, రంగు, బోల్డ్ తీసేస్తుంది. క్యారెక్టర్ స్టైల్‌ను కూడా తీసేస్తుందని మర్చిపోకండి, గుర్తులు తొడిగింది అందుకే.

కంట్రోల్ + స్పేస్‌ను మీ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ భాష మార్చడానికి వాడుకుంటుంటే స్టైల్ ఇన్‌స్పెక్టర్‌లోని తుడిచే బటన్లు వాడండి. హోమ్ ట్యాబ్‌లో ఉండే "క్లియర్ ఆల్ ఫార్మాటింగ్" మాత్రం నొక్కకండి, అది పేరాను నార్మల్ స్టైల్‌లోకి తోసేస్తుంది, 6వ దశ కష్టమంతా వృథా అవుతుంది.

ఆ తర్వాత తీసినవాటిని తిరిగి పెట్టాలి. కంట్రోల్ + హెచ్‌లో "యూజ్ వైల్డ్‌కార్డ్స్" టిక్ చేసి, ఫైండ్‌లో $$(*)$$ రాసి, రీప్లేస్‌లో \1 రాసి దానికి ఫార్మాట్, స్టైల్‌లో స్ట్రాంగ్ ఎంచుకుని రీప్లేస్ ఆల్ కొట్టండి. గుర్తులు పోయి మాట స్ట్రాంగ్ స్టైల్‌లోకి వస్తుంది. ఇటాలిక్ వాటికి ఎంఫసిస్. తెలుగు ఫాంట్లు చాలావాటిలో నిజమైన వాలు అక్షరాలు ఉండవు, వర్డ్ బలవంతంగా వంచి చూపిస్తుంది, అది కంటికి బాగోదు. ఎంఫసిస్ స్టైల్‌లో ఇటాలిక్ తీసేసి రంగో బోల్డో పెట్టుకుంటే ఫైలంతా ఒకేసారి మారిపోతుంది. చేత్తో పెట్టిన ఇటాలిక్‌లను ఇలా ఒక్కచోట మార్చడం కుదిరేది కాదు. పైకెత్తిన అంకెలకు ఒక క్యారెక్టర్ స్టైల్ మీరే చేసుకోండి.

ఫుట్‌నోట్ నంబర్లు మామూలు సైజులోకి పడిపోయి ఉంటాయి. వైల్డ్‌కార్డ్స్ టిక్ తీసేసి, ఫైండ్‌లో స్పెషల్ బటన్ నుంచి ఫుట్‌నోట్ మార్క్ ఎంచుకుని, రీప్లేస్‌లో ^& రాసి ఫుట్‌నోట్ రెఫరెన్స్ స్టైల్ ఇస్తే అన్నీ పైకి వచ్చేస్తాయి.

9. ఎంటర్లు, ట్యాబులు, స్పేసులు

పేరాల మధ్య ఖాళీ కోసం ఎంటర్లు కొట్టి ఉంటే ఫైండ్‌లో స్పెషల్ నుంచి పేరాగ్రాఫ్ మార్క్ రెండుసార్లు, రీప్లేస్‌లో ఒకసారి పెట్టి, లెక్క తగ్గడం ఆగేదాకా రీప్లేస్ ఆల్ కొట్టండి. ఖాళీ స్టైల్‌లోని స్పేసింగ్ నుంచి రావాలి. అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే హెడింగ్ 1 పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో "పేజ్ బ్రేక్ బిఫోర్" పెట్టండి. పేరా మొదట కొట్టిన ట్యాబులు తీసేయండి.

10. లిబ్రె ఆఫీస్, గూగుల్ డాక్స్‌లో

లిబ్రె ఆఫీస్ రైటర్‌లో స్టైల్స్ కోసం ఎఫ్11, చేతి ఫార్మాటింగ్ తీయడానికి కంట్రోల్ + ఎమ్. 7.1 నుంచి స్టైల్ ఇన్‌స్పెక్టర్ ఉంది. 7.6 నుంచి ఇంకా మంచిది వచ్చింది, స్టైల్స్ పేన్‌లో టిక్ చేస్తే ఏ పేరాకు ఏ స్టైల్ ఉందో రంగులతో మార్జిన్‌లో, చేతి ఫార్మాటింగ్ ఎక్కడుందో మేటర్ మధ్యలోనే చూపిస్తుంది. ఈ ఒక్క పనిలో వర్డ్ కన్నా రైటరే మేలు. తెలుగు ఫాంట్ పెట్టేముందు ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ అయి ఉందో లేదో చూడండి. కంట్రోల్ + ఎమ్ ముందు ఒక పేరా మీద వాడి చూసుకున్నాకే మొత్తం మీద వాడండి.

గూగుల్ డాక్స్‌లో కంట్రోల్ + \ చేతి ఫార్మాటింగ్ తీసేస్తుంది. అందులో క్యారెక్టర్ స్టైల్స్ లేవు, కాబట్టి నొక్కిచెప్పే మాటలకు చేతి బోల్డ్ తప్పదు. పెద్ద పుస్తకం పని అందులో చేయమని నేను చెప్పను.

11. తరచూ వచ్చే చిక్కులు

ఒక పేరా మారిస్తే అన్నీ మారిపోతున్నాయి. ఆ స్టైల్‌లో "ఆటోమేటికల్లీ అప్‌డేట్" టిక్ అయి ఉంది, అంటే చేతి మార్పు ప్రతిదీ స్టైల్‌లోకి ఎక్కుతోంది. మోడిఫై తెరిచి టిక్ తీసేయండి. విషయసూచిక స్టైల్స్‌కు తప్ప ఇది ఎక్కడా అవసరం లేదు.

కొన్ని లైన్ల మధ్య దూరం ఎక్కువగా ఉంది. ఆ లైన్లో ఎక్కడో ఒక మాటో, ఒక్క ఖాళీ స్పేసో వేరే ఫాంట్‌లో ఉంది. గౌతమి లాంటి ఫాంట్‌కు లైను ఎత్తు ఎక్కువ, ఒక్క అక్షరం చాలు లైనంతా జరగడానికి. లైన్ స్పేసింగ్ ముట్టుకోకండి, ఆ లైను సెలెక్ట్ చేసి కంట్రోల్ + స్పేస్ కొట్టండి.

విషయసూచికలో ఒక పేరు వేరేలా ఉంది. హెడింగులో ఉన్న చేతి ఫార్మాటింగ్ సూచికలోకి కూడా వెళ్తుంది. సూచికలో కాదు, హెడింగులో తుడిచి సూచిక అప్‌డేట్ చేయండి.

కంట్రోల్ + క్యూ కొట్టగానే బులెట్లు పోయాయి. అవి హోమ్ ట్యాబ్ బటన్‌తో చేత్తో పెట్టినవి. అన్‌డూ చేసి, ముందు లిస్ట్ బులెట్ స్టైల్ ఇచ్చి అప్పుడు తుడవండి.

హెడింగులో ఒక మాట సెలెక్ట్ చేసి స్టైల్ ఇస్తే ఆ మాటే మారింది. హెడింగ్ స్టైల్స్ పేరాకూ అక్షరాలకూ రెండిటికీ పనిచేసే లింక్డ్ రకం. కర్సర్ ఊరికే పేరాలో పెట్టి స్టైల్ ఇవ్వండి, లేదా స్టైల్స్ పేన్ అడుగున "డిసేబుల్ లింక్డ్ స్టైల్స్" టిక్ చేయండి.

12. మళ్లీ పాడవకుండా

చేతి ఫార్మాటింగ్‌లో పెద్ద వాటా పేస్ట్ ద్వారానే వస్తుంది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "కట్, కాపీ అండ్ పేస్ట్" కింద వేరే ప్రోగ్రాముల నుంచి, వెబ్ నుంచి వచ్చేవాటికి "కీప్ టెక్స్ట్ ఓన్లీ" పెట్టండి. ఇంకో వర్డ్ ఫైలు నుంచి తెచ్చేవాటికి "మెర్జ్ ఫార్మాటింగ్" పెడితే బోల్డ్, ఇటాలిక్ మిగిలి మిగతావి మీ స్టైల్‌లో కలుస్తాయి. ఫార్మాట్ పెయింటర్ బ్రష్ వాడటం మానండి, అది స్టైల్‌తోపాటు చేతి ఫార్మాటింగ్‌నూ మోసుకొస్తుంది.

పదిమందికి ఫైలు పంపాల్సి ఉంటే రివ్యూ ట్యాబ్‌లో రెస్ట్రిక్ట్ ఎడిటింగ్ తెరిచి, మొదటి గడి టిక్ చేసి, సెట్టింగ్స్‌లో మీ స్టైల్స్ మాత్రం ఉంచి ఎన్‌ఫోర్స్ చేయండి. వాళ్లకు ఫాంట్, సైజు బటన్లు పనిచేయవు, స్టైల్ ఎంచుకోవడం తప్ప దారి ఉండదు. స్ట్రాంగ్, ఎంఫసిస్, పైకెత్తిన అంకెల స్టైల్ ఆ జాబితాలో ఉన్నాయో లేదో పంపేముందు చూసుకోండి, లేకపోతే బోల్డ్ ఎలా పెట్టాలని పదిమందీ మీకే ఫోన్ చేస్తారు.